గడ్డి లేని మడుగు

మడుగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. కానీ ఆ ఏడు అల్లడానికి గడ్డే లేకపోయింది. ఊళ్లో జనం ఒక్క దువ్వెన తెప్పించుకున్నా దానికో పెద్ద అట్టపెట్టె, పెట్టె నిండా ప్లాస్టిక్ బుడగల సంచులు వచ్చేవి. దువ్వెన ఇంట్లో ఉండిపోయేది, తక్కినదంతా మడుగు ఒడ్డుకు చేరేది. దాని కింద పడి రెల్లుగడ్డి చచ్చిపోయింది.

తోటి గిజిగాళ్లు మరో మడుగు వెతుక్కుంటూ బయల్దేరారు. "పుట్టిన చోటు వదిలి నేను రాను," అన్నాడు మనవాడు. పెట్టెల మీది ప్లాస్టిక్ పట్టీలు చీల్చి గూడు అల్లాడు.

దారిన పోతున్న ఆడపిట్ట ఒకతె వచ్చి లోపల కూర్చుంది. కూర్చుని ఎంతోసేపు కాకముందే బయటికొచ్చేసింది.

"వాన చుక్క దిగదు, చూశావా?" అన్నాడు ఆశగా.

"దిగదయ్యా. గాలీ ఆడదు. నా పిల్లలు ఇందులో ఉడికిపోతారు," అని ఎగిరిపోయింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆడపిట్టల్ని పొద్దస్తమానం పిలిచి పిలిచి అతని గొంతు బొంగురుపోయింది. చివరికి ఆ గూడు వదిలేసి కిందికి దిగి, అడుగున గడ్డేమైనా మిగిలిందేమోనని నానిన అట్టను ముక్కుతో పీకడం మొదలుపెట్టాడు. రోజూ అదే పని.

ఒకనాడు అట్ట కింద పాలిపోయిన గడ్డిపోచ ఒకటి కనిపించింది. అలవాటు కొద్దీ ముక్కు చాచాడు, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. దాని మీద ఎండ పడాలని చుట్టూ అట్ట పీకుతూ, ఆ ఏడంతా గూడు లేకుండా ఒక్కడే ఉండిపోయాడు.