లైన్లో చెప్పులు

"నాకొద్దు భాయ్. ఆ బాల్‌ను కాలుతోని తంతరో, చేతులతోని పట్టుకుంటరో గూడ నాకు మాలూమ్ లేదు. నా పేరెందుకు?" అంటూ రయీస్ ఫోన్ వెనక్కి లాక్కున్నాడు.

"తన్నేది నువ్వు గాదు గద! పేరియ్యి చాలు," అన్నాడు నర్సింలు, ఆ ఫోన్‌ను మళ్ళీ గుంజుకుంటూ.

ఖతార్‌లోని ఉమ్ సలాల్ కార్మికుల క్యాంపులో శుక్రవారం పొద్దున, అందరూ బట్టలు ఉతుక్కునే వేళ అది. బోధన్ నుంచి వచ్చిన రయీస్ కంపెనీ బస్సు నడుపుతాడు. జగిత్యాల పక్క పల్లె నర్సింలు స్టేడియాల్లో కుర్చీలు బిగించే ఫిట్టర్. నెలాఖరు దాటితే కంపెనీ చేతిలో పని లేదు. ఇంటికి పంపేవాళ్ళ జాబితాలో నర్సింలు పేరు పైనే ఉంది. కూతురు అక్షర నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్ళుంది. తను ఇప్పుడు విమానం ఎక్కితే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ బెంగతో వారం నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

మిగిలిన ఆశ ఒక్కటే. దోహాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తన చిన్న స్టేడియాన్ని పెంచాలా వద్దా అని ఊగిసలాడుతోంది. అందుకే సీజన్ టికెట్లు కావాలనుకునేవాళ్ళ పేర్లు ఫోన్ యాప్‌లో ఉచితంగా రాసుకుంటోంది. ఐదు వేలు దాటితే జనం కూర్చునేందుకు కొత్త స్టాండ్ కడతారని, ఆ పని తమ కంపెనీకేనని సూపర్‌వైజర్ గంగాప్రసాద్ మాటల్లో అనేశాడు. నిన్నటికి వచ్చినవి మూడు వేలు. ఈ మధ్యాహ్నంతో ఆఖరు.

"మా ఊర్ల యూరియా దుకాణం ముంగట లైన్ల చెప్పులు పెట్టి నీడకు కూసుంటం, ఎరికేనా?" అన్నాడు నర్సింలు. "చెప్పుల లైన్ పొడుగు జూసి ఆఫీసర్ ఇంకో లారీ తెప్పిస్తడు. గిదీ గంతే. మనయి పేర్లు గావు, చెప్పులు."

"చెప్పులు పెట్టినోనికి యూరియా గావాలె. నీకు టికెట్ గావాల్నా?"

"నాకు స్టాండ్ గావాలె భాయ్!"

రయీస్‌కు నవ్వాగలేదు. తన పేరు యాప్‌లో ఎక్కించాడు. తర్వాత నర్సింలు పేరు ఎక్కించడానికి అతని ఫోన్ తీసుకుంటే, తెర మీద ఒక ఫొటో కనిపించింది. హెల్మెట్ పెట్టుకుని, ఎర్ర కుర్చీల నడుమ నర్సింలు పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

"ఇదేడ?"

"హైవే పక్కన పెద్ద స్టేడియం లేదా, వరల్డ్ కప్పుకు కట్టింది? ఆడి కుర్చీలన్నీ మా గ్యాంగే బిగించింది. బోల్టు ఫోర్‌మన్ ఒక్కసారి తిప్పుమంటే నేను రెండుసార్లు తిప్పిచ్చిన. యాభై ఏండ్లు కదలయ్!"

"సరే సరే. యల్లా, పద."

ఇద్దరూ గది గదికీ తిరిగారు. నేపాలీలు, బెంగాలీలు, మలయాళీలు, ఎవరినీ వదల్లేదు. స్నానానికి సబ్బు పెట్టె పట్టుకుని నిలబడ్డవాళ్ళను కూడా పేరడిగారు. రయీస్ తన డ్రైవర్ల గ్రూపులన్నిటికీ ఉర్దూలో సందేశం పంపాడు. పదకొండు కొట్టేసరికి యాప్‌లో లెక్క ఐదు వేల రెండొందలైంది.

"ఖలాస్!" రయీస్ మంచం మీద వాలిపోయాడు. "అయిపాయె. ఇగ చాయ్ తాగుదాం."

"అప్పుడేనా?" నర్సింలు కాలు ఒకచోట నిలవడం లేదు. "ఐదుకు ఐదే ఉంటే సూద్దాం జేద్దాం అంటరు. పది జేస్తే నోరెత్తరు. ఇంకో గ్రూపుకు కొట్టు."

"సార్ ఐదే అన్నడు గద భాయ్. ఎక్కువెందుకు?"

"లైన్ ఎంత పొడుగుంటే అంత మంచిది. కొట్టు!"

రయీస్ కొట్టాడు. సందేశం వేరే క్యాంపులకు పాకింది. అక్కడి నుంచి ఇంకెక్కడికి పోయిందో వాళ్ళకే తెలియదు. యాప్ మూసేసేసరికి ఇరవై రెండు వేల పేర్లు.

మధ్యాహ్నం నర్సింలు భార్య మమత ఫోన్ చేసింది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే. "దుబాయ్ల నీ పని ఉన్నట్టా, పోయినట్టా? పిల్ల ఊకె అడుగుతున్నది."

"ఉన్నట్టే! అక్షరకు చెప్పు, రంది పెట్టుకోకుండ సదువుకొమ్మను," అన్నాడు నర్సింలు. వారం తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

సోమవారం సైటులో భోజనాల వేళ గంగాప్రసాద్ వచ్చాడు. నర్సింలు టిఫిన్ డబ్బా పక్కన పడేసి ఎదురు పరిగెత్తాడు. రయీస్ కూడా బస్సు దిగి వచ్చాడు.

"లిస్టు చూసి క్లబ్బు వాళ్ళు నోరెళ్ళబెట్టారయ్యా," అన్నాడు గంగాప్రసాద్. "ఇరవై రెండు వేలేంటని!"

"స్టాండ్ కడ్తున్నరా సార్?"

"ఒక్క స్టాండ్ ఏ మూలకి? ఇంతమందికి ఆ స్టేడియం ఎంత పెంచినా చాలదని తేల్చేశారు."

"అంటే రెండు కడ్తరా?" నర్సింలు ముఖం వెలిగిపోయింది.

"ఒక్కటీ కట్టరు. ఐదారు వేలైతే స్టాండ్ వేసేవాళ్ళే. ఇప్పుడు హైవే పక్కన మూడేళ్ళుగా ఖాళీగా పడి ఉన్న ఆ పెద్ద స్టేడియం అడిగి తీసుకున్నారు. వచ్చే సీజన్ నుంచి మ్యాచ్‌లన్నీ అక్కడే."

రయీస్ నర్సింలు వైపు చూడలేక తల వంచుకున్నాడు.  నర్సింలుకు మాత్రం ఆశ చావలేదు.

"సార్, మూడేండ్ల సంది ఎండకు ఎండి, దుమ్ముకు నిండి... కుర్చీలు ఊడిపోయుంటయ్ గద? రిపేర్ పనన్న మనకొస్తది గద సార్?"

"నేనూ అదే ఆశపడ్డాను. పొద్దున్నే ఇంజినీర్లు వెళ్ళి ఒక్కో కుర్చీ లాగి చూశారట. ఒక్క బోల్టు కూడా వదులు కాలేదు నర్సింలూ. ఎవడో మహానుభావుడు, ఒకసారి తిప్పాల్సినదాన్ని రెండుసార్లు తిప్పి పోయాడు!"