ముందు నేను వెళ్తాను

“ఇంకొంచెం బిగించమ్మాయ్,” అంది నాయనమ్మ.

“ఇంతకంటే బిగిస్తే ఊపిరాడదమ్మా.” ట్రైనర్ అమ్మాయి నడుము పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూపించింది. “ఇలా రెండు వేళ్లు పడితే చాలు.”

నాయనమ్మ తన వేళ్లు కూడా దూర్చి చూసుకుంది. ఆ తర్వాత తొడల పట్టీలు, భుజాల పట్టీలు, హెల్మెట్ కింది పట్టీ, అన్నీ లాగి చూసింది. చీపురు కొనేముందు పుల్లలు పీకి చూసేవాళ్లకి ఏమాత్రం తీసిపోలేదు.

వెనక బల్ల మీద కూర్చున్న కోడలికి ఒకపక్క నవ్వు, ఒకపక్క విసుగు. ఇంట్లో బల్బు మార్చడానికి ఎవరైనా స్టూలెక్కితే, దిగేదాకా వాళ్ల కాళ్లు వదలని మనిషి తన అత్తగారు. అలాంటిది కోడలి ట్రాక్ ప్యాంటు తొడుక్కుని, లోయ మీదుగా తీగకి వేలాడుతూ పోతానని తయారైంది. ఇదంతా తన కూతురు చిట్టి పుణ్యం. పుట్టినరోజుకి ఏం కావాలంటే జిప్‌లైన్ ఎక్కుతానంది. వీల్లేదంది నాయనమ్మ. పిల్ల అన్నం మానేసి సాధించింది. చివరికి పెద్దావిడ ఒక్క షరతు మీద మెత్తబడింది. ముందు తను వెళ్లాలి. తనకి నమ్మకం కుదిరితేనే చిట్టి ఎక్కేది. కుదరకపోతే ముగ్గురూ ఇంటిముఖం పట్టడమే.

కోడలు ఎదురు చెప్పలేకపోయింది. మామగారు ఎత్తులో పనిచేస్తూ జారిపడి పోయారని ఆమెకి తెలుసు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తరు.

“చెవి దుద్దులు తీసేశాను. జేబులు ఖాళీ. బూట్ల లేసులకి రెండేసి ముళ్లు,” అప్పజెప్పింది నాయనమ్మ.

“నాకూ ఇదే రోజూ వల్లె వేయించిందక్కా,” అంది చిట్టి.

ట్రైనర్ నవ్వింది. “అంతా సరిగ్గానే ఉందమ్మా.”

“గాలి ఎక్కువైతే?”

“ఆపేస్తాం.”

“పొద్దున్న ఎవరైనా వెళ్లి చూశారా?”

“రోజూ మొదట వెళ్లేది నేనే.”

“ఈ కొక్కెం ఊడితే?”

“పక్కన రెండోది ఉంది చూడండి. దాని తాడు వేరు.”

“చెమట పట్టి చేతులు జారితే?”

“జారినా ఏం కాదమ్మా. బరువంతా పట్టీల మీదే. చేతులతో పనే లేదు.”

నాయనమ్మ ఆ మాట దగ్గర ఆగిపోయింది. “చేతులతో పనే లేదు,” అని మెల్లగా తనలో తను అనుకుంది.

అవతలి గట్టు నుంచి కబురొచ్చేదాకా ఆగాలన్నారు. నాయనమ్మ వచ్చి చిట్టి పక్కన కూర్చుంది.

“ఎత్తులంటే మీకు కొత్త కాదనుకుంటా. అంచు దాకా వెళ్లి కిందికి చూసొచ్చారు,” అంది ట్రైనర్.

“మాదీ ఎత్తులో పనేనమ్మా ఒకప్పుడు. మా ఆయనా నేనూ ఒకే కంపెనీ.”

కోడలు తలెత్తి చూసింది. ఈ సంగతి ఆమెకే కొత్త.

“ఊరూరా తిరగడమే,” అంది నాయనమ్మ. “డేరాల్లో కాపురం. ఊరు మారినప్పుడల్లా సామాను లారీ మీద కూర్చుని ఆయన పాట ఎత్తుకునేవారు. ఆ గొంతు భరించలేక డ్రైవరు బండి ఆపి మరీ దండం పెట్టేవాడు.”

చిట్టి పకపకా నవ్వింది. నాయనమ్మా నవ్వింది. ఆ దుమ్ము, ఆ లారీ, ఆ అపశ్రుతుల పాట, అన్నిటి మీదా ఆమెకి ఇంకా బెంగే. ఎన్నేళ్లయినా తగ్గలేదు.

“తాతయ్యకి భయం వేసేది కాదా?”

“అదే అడిగేదాన్ని. పైకెక్కేముందు తన తువ్వాలుతో నా అరచేతులు తుడిచేవారు. ‘మీకు భయం లేదా’ అంటే, ‘నువ్వున్నావుగా’ అనేవారు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.”

ఇంతలో కబురొచ్చింది. నాయనమ్మ లేచి అంచున నిలబడింది.

“అత్తయ్యా, భయమైతే మానేద్దాం. చిట్టికి నేను చెప్తాను,” అంది కోడలు.

“నా భయం నా గురించి కాదే.”

అడుగు ముందుకేసింది. తీగ జుయ్యిమంది. చెట్ల కొసల మీదుగా ఆమె చిన్నదవుతూ పోయింది. సగం దూరం వెళ్లాక ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోదీ వదిలేసింది. “అత్తయ్యా!” అని అరిచింది కోడలు. రెండు చేతులూ గాలికి వదిలేసి నాయనమ్మ అలాగే అవతలి గట్టుకి చేరింది.

కాసేపటికి కోడలి ఫోన్ మోగింది. అవతలి గట్టు మీద ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుంది నాయనమ్మ.

“పిల్లని పంపించు.”

“ఏడుస్తున్నారా అత్తయ్యా?”

“పంపించమన్నానా.”

చిట్టి కేరింతలు కొడుతూ దాటింది. గట్టెక్కగానే నాయనమ్మ ఆమెని గట్టిగా వాటేసుకుని, ఇక చాలని పిల్ల గింజుకునేదాకా వదల్లేదు.

“నేనూ చేతులు వదిలేశాను నాయనమ్మా, చూశావా?”

“చూశాను బంగారం.”

“తాతయ్యకి ఇలాంటి పట్టీలు కట్టేవాళ్లు కాదా?”

“సర్కస్‌లో పట్టీలు కడితే జనం టికెట్టు కొనరమ్మా.”

చిట్టి కళ్లు ఇంతింతయ్యాయి. “సర్కసా? అయితే తాతయ్య ఒక ఊయల వదిలేసి గాల్లో ఎగిరేవారా?”

“ఊఁ.”

“మరి అవతలి ఊయల మీంచి తాతయ్యని పట్టుకునేది ఎవరు?”

నాయనమ్మ లోయకేసి చూసింది.

“నేనే. ఆ రోజు కూడా నేనేనమ్మా.”