సి కాదు, జి!

“నంబరు మీద ఈ తారు ఎవరు పూశారండీ?” కారు చాసీ కింద పడుకునే అడిగాడు ఉమాశంకర్.

సూరయ్య భార్య వైపు చూశాడు. కూర్మమ్మ ఆకాశం వైపు చూసింది.

“తుప్పు పట్టిపోతాదని నానే పూసినాను. మంచికే గదా!” అంది.

అంత పొడుగు చాసీలో ఇంకెక్కడా తారు లేదు. సరిగ్గా నంబరు ఉన్న జానెడు మేరే ఉంది.

సూరయ్య నరసన్నపేటలో నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపి, మోకాళ్లు మొరాయించాక మానేశాడు. ఆ చాసీ శ్రీముఖలింగం దగ్గర, అతని అత్తవారి ఊళ్లో ఒక దొరగారి విలాయతీ కారుది. మామగారు ఆ కారుకి డ్రైవరు. పైన బాడీ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. మిగిలిన ఇనప చట్రాన్ని సూరయ్య పోయినేడు లారీ మీద వేయించుకొచ్చి, పెరట్లో పాకలో పెట్టాడు.

ఉమాశంకర్ విజయనగరంలో ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. పాత కార్లంటే పిచ్చి. వచ్చే నెల అక్కడ జరిగే పాత కార్ల ప్రదర్శనకి బళ్లను ఎంపిక చేసేది అతనే. చాసీ ఒక్కటున్నా చాలు గానీ, అది స్వాతంత్ర్యానికి ముందు తయారైందని రుజువు కావాలి.

ఇంట్లో పేచీ అంతా అక్కడే. నలభై ఆరు మోడలంటాడు సూరయ్య. కాదు, యాభై అంటుంది కూర్మమ్మ. ఏడాదిగా కంచం ముందు కూర్చున్నా ఇదే గొడవ. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. నలభై ఆరైతే ప్రదర్శనకి, యాభై అయితే పాతినప సామాన్ల వాడికి. ఆ తర్వాత ఈ ఊసు ఎవరూ ఎత్తకూడదు.

ఉమాశంకర్ కిరసనాయిలు గుడ్డతో తారు తుడిచాడు. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాడు. అంకెలు బయటపడ్డాయి. వాటి ముందు ఒక అక్షరం, సగం తుప్పు తినేసి, గుండ్రంగా కనిపించింది.

“ఈ కంపెనీ వాళ్లు ఏడాదికో అక్షరం కొట్టేవారండీ. సి అయితే నలభై ఆరు, జి అయితే యాభై. రెండూ ఒకలాగే ఉంటాయి కదా, జికి లోపల చిన్న తోక ఉంటుంది. ఇక్కడ తోక ఉందో లేదో తెలీడం లేదు.”

“ఉన్నాది బాబూ, తోకున్నాది!” వంటింట్లోంచి కేకేసింది కూర్మమ్మ.

ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. పైగా వంటింట్లోంచి చాసీ కనపడదు.

రెండు నిమిషాల్లో పళ్లెంతో వచ్చింది. ఉప్మా. పైన దోసెడు జీడిపప్పు.

“ముందు తిను బాబూ. తిన్నాక నిమ్మళంగా జి అని రాసీ.”

“లంచం పెడతన్నావేటే?” అన్నాడు సూరయ్య.

“ఇంటికొచ్చినోడికి ఇంత ఉప్మా పెడితే లంచమేటయ్యా? నీ షెడ్డు బుద్ధులు నాకంటగట్టకు!”

ఉమాశంకర్‌కి నవ్వొచ్చింది. ముసలావిడ మీద జాలీ వేసింది.

“ఈ ఇనుముతో మీకంత ఇబ్బందా అమ్మా?”

“ఇబ్బంది కాదు బాబూ, పరువు,” అంది కూర్మమ్మ. ఆవిడ గొంతులో నిజంగానే భయం ఉంది.

ఇంట్లో తుక్కు పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారని కాబోలు అనుకున్నాడతను. నాలుగు ముద్దలు తిని, పళ్లెం పక్కన పెట్టి, సంచిలోంచి పల్చటి కాగితం తీశాడు. దాన్ని అక్షరం మీద పరిచి, మెత్తటి పెన్సిల్‌తో పైపైన రుద్దడం మొదలుపెట్టాడు.

సూరయ్య ఓ పక్క వంగాడు. కూర్మమ్మ ఇంకో పక్క వంగింది. ఇద్దరి తలలూ ఠప్పున కొట్టుకున్నాయి. ఎవరూ వెనక్కి తగ్గలేదు.

కాగితం మీద నల్లగా ఒక వంపు తేలింది. కిందికి దిగింది. పైకి తిరిగింది. అక్కడ ఆగిపోయింది. లోపల తెల్లగా, ఖాళీగా ఉంది.

“తోక లేదండీ. సి. నలభై ఆరే!”

సూరయ్య ఎగిరాడు. మోకాళ్ల సంగతి గుర్తొచ్చి చాసీ పట్టుకుని, అక్కడే నిలబడి చేతులాడిస్తూ గంతులేశాడు.

“కాయితం తిరగేసి సూడు బాబూ,” అంది కూర్మమ్మ నీరసంగా.

“ఎటు తిప్పినా తోక రాదమ్మా.”

“ఆ కాయితం నాకిచ్చీ బాబూ, పటం కట్టించుకుంటాను,” అన్నాడు సూరయ్య.

“ఇస్తాను గానీ ముందు దరఖాస్తు నింపుదాం.” ఉమాశంకర్ కలం తీశాడు. “యజమాని పేరు సూరయ్య. మీరు పుట్టిన సంవత్సరం?”

“నలభై ఎనిమిది. బడి సర్టిఫికెట్టు కూడా ఉన్నాది!”

“అయితే మీకంటే ఈ బండి రెండేళ్లు పెద్దదన్నమాట!”

కూర్మమ్మ ఇంక అక్కడ నిలబడలేదు. సగం తిన్న ఉప్మా పళ్లెం అందుకుని విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

సూరయ్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ, లోపలికి వినపడేలా గట్టిగా అన్నాడు:

“నాకంటే పెద్దది బండొక్కటే కాదు బాబూ, దొర ఆ కొత్త బండి కొన్న వారానికే, తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్తంటే దాని వెనక సీట్లో పుట్టేసి, నాకంటే రెండేళ్లు సిన్నదాన్నని పెళ్లినాటి నుంచీ బొంకతన్న మా ఇంటిది కూడాను!”