పాట అయ్యేదాకా

ఆ ఏడు ఆగస్టు ఆరు, ఉపవాసాల మధ్య చేప తినే పండుగ. సీఫిస్ పళ్లెంలో వేయించిన చేప, ఉడికించిన ఆకుకూర ఉన్నాయి. ఫోన్ పెట్టేశాక ఆయన చేప మొత్తం తినేశాడు. రుచి మాత్రం తెలియలేదు.

"ఏమన్నారు?" అంది ఎదురుగా కూర్చున్న రూసా టీచరు. సాయంత్రం బడి ఆవరణలో వేయబోయే నాటకం ఆవిడ తయారుచేసిందే.

"అన్నయ్య పోయాడు."

ఆవిడ గుండెల మీద సిలువ గీసుకుంది. "మరి ఎర్గినాకి?"

"నాటకం అయ్యాక చెబుదాం."

"సొంత తండ్రి చావు దాచి కూతుర్ని ఆడిస్తామా? రేపు ఊరు మన మొహాన ఉమ్మేస్తుంది సీఫిస్."

"ఉమ్మనీ. పాట అయ్యేదాకా దానికేమీ చెప్పొద్దని ఆసుపత్రిలో నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే ఇప్పుడే నలుపు కట్టేస్తుంది. ఇక మూడేళ్లు పాడదు."

అయినవాళ్లు పోతే నల్లబట్టలు కట్టడం, పాట మానేయడం ఆ కొండ ఊళ్ల ఆచారం. ఆలివ్ కాయలు రాలుస్తూ నాటకానికి మూలమైన పాత కావ్యమంతా కూతురికి నోటికి నేర్పినవాడు ఆ పోయిన అన్నయ్య మిహెలిస్. రాకుమారి వేషం ఆ పిల్లకి ఈ ఏడే దక్కింది.

సాయంత్రం ఎర్గినా ఇంటి దగ్గరే వేషం వేసుకుని వచ్చింది. మెడదాకా కొక్కేలు పెట్టిన నీలం గౌను.

"ఈ ఉక్కలో ఉడికిపోవట్లేదే పిల్లా?" అన్నాడు సీఫిస్.

"రాకుమార్తెలకి చెమట పట్టదు బాబాయ్. మీ కిరీటం చూసుకోండి, పెరుగు డబ్బా మూతలా ఉంది."

"నీ ఫోనేదే?"

"కట్టేశాను. ఈ పూట ఎవరితోనూ మాట్లాడను."

ఆ మాత్రం దయ చూపినందుకు సీఫిస్ దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

నాటకంలో ఆయనే రాజు. పేదవాణ్ణి ప్రేమించిందని కూతుర్ని చెరలో వేయించాడు. ఆమె మనసు పరీక్షించడానికి ఆ ప్రియుడే మారువేషంలో వచ్చి, నీవాడు చచ్చిపోయాడని అబద్ధం చెప్పాడు. రాకుమారి విలాపం మొదలైంది.

నాలుగు వందల ఏళ్ల పాట. అందరికీ నోటికి వచ్చినదే కాబట్టి జనం అలవాటుగా గొంతు కలిపారు. రెండు చరణాలకే ఒక్కొక్కరూ ఆగిపోయారు. ఎర్గినా కళ్లలో తడి లేదు. గొంతు వణకలేదు. లోపల ఎవరూ లేని ఇంట్లోంచి వస్తున్నట్టు వచ్చింది పాట.

"ఒసే, ఎక్కడ నేర్చిందే ఇలా?" అంది ముందు వరస ముసలావిడ.

"వాళ్ల నాన్న దగ్గరేగా," అంది పక్కావిడ.

తెర వెనక సీఫిస్ కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. దొంగతనం చేసినట్టు ఉంది ఆయనకి.

ప్రియుడు ముఖం కడుక్కుని తానెవరో చెప్పాడు. పెళ్లయింది. జనం చప్పట్లు కొట్టారు. ఎర్గినా వేషాల గదిలోకి వెళ్లింది. వెనకే సీఫిస్, రూసా వెళ్లారు.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి," అన్నాడు సీఫిస్.

"ఉండండి బాబాయ్, తలుపు వేయనివ్వండి."

చప్పుడు కాకుండా తలుపు మూసి, అక్కడే నిలబడి గౌను కొక్కేలు ఒక్కొక్కటే విప్పసాగింది.

"బాబాయ్ ఉన్నాడే!" అని రూసా కంగారుపడింది.

నీలం గౌను కిందికి జారింది.

లోపల ఆమె నల్లబట్టలు కట్టుకుని ఉంది.