ఎర్మెస్ ఈల

“వీడి గొంతు మండ! నా కూతురి పాటంతా మింగేస్తున్నాడు!” అంటూ ఎర్మెస్ లేచి నిలబడ్డాడు.

పార్మా ఒపేరా హాల్లో పైగ్యాలరీ జనానికి ఈలంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. మొదటి ఈల ఎప్పుడూ ఎర్మెస్‌దే.

కింద వేదిక మీద ఆయన కూతురు మిరెల్లా, జోడీ గాయకుడు కొర్రాదో చేతులు పట్టుకుని ప్రేమ పాట పాడుతున్నారు. వినిపిస్తున్నది మాత్రం కొర్రాదో ఒక్కడే.

“ఇద్దరి పాటని గొడ్లను అదిలించినట్టు అరుస్తాడేంటి!” ఎర్మెస్ రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. గ్యాలరీ మొత్తం అందుకుంది.

దుర్భిణిలోంచి కూతుర్నే చూస్తున్న ఇల్దే, భర్త కోటు పట్టి లాగింది. “ఆపవయ్యా! దాని మెడ చూడు.”

“ఏముంది మెడలో?”

“పాడితే ఉబ్బే నరం ఉబ్బట్లేదు. పిల్లకి గొంతు పోయింది. ఉత్తినే పెదాలు ఆడిస్తోంది. అది బయటపడకూడదనే ఆ అబ్బాయి అరుస్తున్నాడు.”

ఎర్మెస్ దుర్భిణి లాక్కుని చూశాడు. కొర్రాదో చేతిని బిగించి పట్టుకున్న మిరెల్లా వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

ఆయన ఈల ఆగింది. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఆపారు. హాలు సద్దుమణుగుతుంటే వెనక వరసలో ఎవరో అన్నారు: “ఉండండుండండి, ఆ అమ్మాయి అసలు పాడుతోందా?”

ఇల్దే భర్త భుజం పట్టి కుదిపింది. “వెయ్యవయ్యా ఈల! నీకు దణ్ణం పెడతా, వెయ్యి!”

“మన్నించు బాబూ,” అని కొర్రాదో వైపు చూసి గొణిగి, ఎర్మెస్ ఊపిరంతా కూడదీసుకుని ఈల వేశాడు. గ్యాలరీ మళ్ళీ హోరెత్తింది.

కొర్రాదో ఒక్కసారి తలెత్తి పైకి చూశాడు. ఇంకా గట్టిగా అందుకున్నాడు.