పోయినాయన మొహం

పోయినవాళ్ళ మొహం కొట్టేస్తే అది దొంగతనం అవుతుందా, అవదా అని శ్రీసుధ సాగర్ రోడ్డు పొడవునా ఆలోచించింది. ఇబ్రహీంపట్నంలో బస్సు దిగేసరికి అవదని తేల్చేసుకుంది.

ఐడియా నిర్మాత వీర్రాజుగారిది. ‘శవాల సంత’ జాంబీ సినిమాలు మూడూ ఆడిన పదిహేనేళ్ళకి, నాలుగోది తీద్దామని శ్రీసుధ కథ పట్టుకు తిరుగుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మరీ తిరుగుతోంది. అందరూ తిప్పి పంపాక ఈయనొక్కడూ సరేనన్నాడు, ఒకే షరతుతో.

“సంతలో ముందు నడిచే ఆ శవం ఉందే, అది ఉంటేనే జనం వస్తారమ్మా. లేదంటే ఆ డబ్బుతో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ప్లాటు కొనుక్కుంటా. ప్లాటుకి ఎవడూ రివ్యూ రాయడు.”

టైటిల్స్‌లో ఆ శవం వేషానికి ఎదురుగా ఉన్న పేరు యోహాను. నిన్న వీర్రాజుగారు ఫోన్ చేస్తే యోహాను భార్య ఎత్తింది.

“మొన్న పోయాడంట” అన్నారాయన గొంతు తగ్గించి. వెంటనే పెంచేశారు కూడా. “అయితే ఏం, నీకు కంప్యూటర్ వచ్చుగా? మొహం చేసెయ్. ఇంట్లోవాళ్ళని అడిగితే కాదంటారు, అడక్కు. పోయినవాడు ఎలాగూ కేసెయ్యడు.”

చెయ్యడం కష్టం కాదు. కానీ పాత సినిమాల్లో ఆ మొహం నిండా బురద, రంగు. అడుగునున్న అసలు మొహం ఫోటోలు కావాలి. అందుకే ఈ పరామర్శ.

వాకిట్లో చింతచిగురు ఏరుతున్న యోహాను భార్య సంతోషమ్మ ముందు శ్రీసుధ వీలైనంత దిగులుగా నిలబడింది.

“నేను మీ ఆయన అభిమానినాంటీ. పోయారని తెలిసి వచ్చాను.”

“అవ్ బిడ్డ, మొన్న పోయిండు. రా, కూసో.”

“చాలా బాధగా ఉందాంటీ.”

“బాధెందుకు? ఉన్నన్ని దినాలు టీవీ ముంగట నుంచి లేవడు. పోతేనే నాకు జర పాణం నిమ్మలం.”

పాపం, షాక్‌లో ఉంది అనుకుంది శ్రీసుధ. ముందుగదిలో గోడ మీద ఆయన ఫోటో, పక్కనే ఏసుప్రభువు పటం. ఫోటోకి దండ లేదు. వీళ్ళలో వెయ్యరు కాబోలు.

“ఎక్కడ...” అంది ఫోటో వైపు చూపిస్తూ.

“పెద్ద అంబర్‌పేటల. చెల్లె ఇంటికాడ.”

చెల్లెలి స్థలంలో సమాధి చేశారన్నమాట. శ్రీసుధ కళ్ళు ఒత్తుకుంది.

సంతోషమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ఫోన్ తీసింది. గోడమీది ఫోటో, అద్దాల బీరువాలో పెళ్ళి ఫోటో, చర్చిలో దిగిన గ్రూప్ ఫోటో. ముక్కు, దవడ, చెవులు అన్నీ దొరికాయి. అడుగుల చప్పుడు వినబడగానే ఫోన్ ఒళ్ళో దాచి, ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టింది.

“ఏం నడకాంటీ అది! ఏం కళ్ళు! ఏడో క్లాసులో చూసి వారం రోజులు అమ్మ పక్కనే పడుకున్నా.”

“గంత భయమైందా?”

“ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోలేకపోయా.”

సంతోషమ్మ మొహం వెలిగిపోయింది. “మళ్ళొక్కపారి చెప్పు” అంటూ డబ్బాలో ఉన్న బిస్కెట్లన్నీ ప్లేటులో పోసింది. ఈవిడ ఇంత ప్రేమించిన మనిషి మొహాన్నా తను కొట్టేస్తున్నది! శ్రీసుధ కొరికిన బిస్కెట్ మళ్ళీ ప్లేటులో పెట్టేసింది.

అప్పుడే గేటు చప్పుడైంది. భుజాన సంచీతో యోహాను లోపలికి వచ్చాడు.

శ్రీసుధ కెవ్వుమని కుర్చీ ఎక్కేసింది. ఆయన ఉలిక్కిపడి, తన వెనక ఏమొచ్చిందోనని తిరిగి చూశాడు.

“ఎవరే ఈ పిల్ల?”

“నీ అభిమాని అంట. నువ్వు పోయినవని తెలిసి వచ్చింది.”

“అవ్, పోయిన. ఇప్పుడు వచ్చిన. గింతదానికి కుర్చీ ఎందుకెక్కింది?”

“మా రాజమండ్రిలో పోయారంటే... పోయినట్టేనండీ!”

ఒక్క క్షణం పట్టింది ఆయనకి. “ఓర్ని! చెల్లె ఇంటికి పోతే సంపేసిన్రు గదనే నన్ను!”

కుర్చీ కింద పడ్డ ఫోన్ ఆయనే తీశాడు. తెర మీద ఆయన మొహం. వేలితో జరిపాడు. మళ్ళీ ఆయన మొహమే.

“గిన్నెందుకు తీసినవ్?”

ఇక దాచి లాభం లేదు. శ్రీసుధ కుర్చీ మీద నిలబడే అంతా కక్కేసింది. “తప్పేనంకుల్. కానీ ఆ మొహం లేకపోతే నా సినిమా లేదు. కావాలంటే సినిమా రిలీజయ్యాక కేసు పెట్టండి.”

యోహాను భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే పకపకా నవ్వారు.

“కేసు మా మీద నువ్వే పెట్టాలె బిడ్డ” అన్నాడు యోహాను ఫోన్ తిరిగిస్తూ. “రంగు పూస్తే నాకు ఒళ్ళంత దద్దుర్లు. షూటింగ్ ఆగొద్దని నా జాగల ఇంకొకరికి రంగు పూసిన్రు. డైరెక్టర్ సార్ టైటిల్స్‌ల పేరు నాదే ఉంచిండు గని, మూడు సినిమాలల్ల శవం మా సంతోషమ్మనే.”