అచ్చమైన నకిలీ

"మీ ఫిరంగి మీద వారం నుంచి ఒక్క గుండు కూడా పడలేదు మాస్టారూ!" అంటూ వచ్చిన కెప్టెన్ హోర్దియ్, బూట్ల మంచు దులపకుండానే స్టూలు మీద కూలబడ్డాడు.

జినోవి రంపం కింద పెట్టాడు. పొల్తావా నాటకశాలకు కోటలూ అడవులూ కట్టిన చేతులవి. ఇప్పుడు చెక్కతో ఫిరంగులు చేస్తున్నాయి. శత్రువు డ్రోన్లు వాటిని చూసి మోసపోవాలి. గుండ్లు వాటి మీద పడితేనే అసలు ఫిరంగుల దగ్గరి పిల్లలు బతుకుతారు. ఆ పిల్లల్లో జినోవి కూతురు యరీనా ఒకతె.

"మనిషి అలికిడి లేదని నువ్వంటేనేగా సాక్సులు ఆరేయించాను! మరుగుదొడ్డి దాకా కాలిబాట కూడా తొక్కించాను."

"ఆ సాక్సులే కొంప ముంచాయి. మన పిల్లలకు ఉతుక్కునే తీరికెక్కడిది? సాక్సులు ఆరేసి ఉంటే అది చెక్కదేనని వాళ్ళు పసిగట్టేశారు."

జినోవికి నవ్వు రాలేదు. ఇది ఎన్నో మార్పో కూడా గుర్తులేదు. వీళ్ళు ఒకటి కనిపెడితే వాళ్ళు దానికి విరుగుడు కనిపెడతారు. "ఈ యుద్ధం అయ్యేసరికి ఇరువైపులా తెలివి తప్ప మనుషులు మిగలరు బాబూ" అన్నాడు.

ఫోన్ మోగింది. యరీనా.

"నాన్నా, నీ పాత ఫిరంగితో మావాళ్ళు బోర్ష్ చారు కాచుకున్నారు. భలే మండిందిలే!"

"పొయ్యిలో పెట్టడానికా చేసింది?"

"ఏం చేస్తాం, చలి. చెక్క కనబడితే చాలు, గొడ్డలి పట్టుకుని బయల్దేరుతున్నారు." ఆమె గొంతు తగ్గింది. "నాన్నా, మా అసలు ఫిరంగి చక్రం విరిగింది. కొత్తది వచ్చేదాకా కదల్లేం. పొద్దున్నుంచీ దూరాన డ్రోన్ ఒకటి తిరుగుతోంది. ఇటు వచ్చిందంటే..."

లైను తెగిపోయింది. జినోవి మూల చుట్టిపెట్టిన నాటకం తెర గుడ్డను లాగి నేల మీద పరిచాడు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"చెక్కను ఇనుమని నమ్మించలేకపోతున్నాం కదా. ఇనుమునే చెక్క అని నమ్మిద్దాం."

గుడ్డ మీద చెక్క చారలు గీశాడు. పగుళ్ళు, ముడులు, వంకర మేకులు వేశాడు. ఒకచోట రంగు అయిపోయినట్టు సగంలో వదిలేశాడు. బతుకంతా చక్కగా పనిచేసిన మనిషికి అడ్డదిడ్డంగా చేయడం ప్రాణసంకటమైంది. అయినా చేశాడు.

"దీన్ని మా యరీనా వాళ్ళ ఫిరంగికి తొడిగించు. పక్కన సాక్సులు ఆరేయించు. ఉతికినవే సుమా!"

"ఉతికిన సాక్సులా? మా బెటాలియన్‌లోనా?"

జినోవి తన సంచిలోంచి రెండు జతలు తీసి అతని చేతిలో పెట్టాడు.

మర్నాడు జినోవి రంపం ముట్టలేదు. టీ పెట్టుకున్నాడు గానీ తాగలేదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి అది మోగింది.

"నాన్నా! డ్రోన్ మా నెత్తి మీదికే వచ్చింది. ఒక చుట్టు తిరిగి, సాక్సులు చూసి, పట్టించుకోకుండా పోయింది!"

జినోవి కళ్ళు తుడుచుకున్నాడు. "హమ్మయ్య! మరి ఆ అరుపులేంటమ్మా? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదులే. పక్క కందకం నుంచి మనవాళ్ళే ఇద్దరొచ్చారు. నేను వద్దు వద్దని అరుస్తూనే ఉన్నా, వినిపించుకుంటేగా!"

"ఏం చేశారు?"

"పొయ్యిలోకని మా ఫిరంగి మీద ఒక్క వేటు వేశారు. గొడ్డలి విరిగింది నాన్నా!"